బొజ్జన్న పంటి తీర్పు

ఆదోనికీ పత్తికొండకూ నడుమ, నల్లరేగడి సన్నగిల్లి ఎర్రనేల మొదలయ్యే చోట, చిన్న మార్కెట్ యార్డు ఒకటి ఉంది. పెద్ద యార్డులలో ఎక్కడా కానరాని ఒక ఆచారం అక్కడ ముప్పై ఏళ్లకు పైగా నడిచింది. వేరుశనగ కాయలను ఆ ప్రాంతంలో బుడ్డలంటారు. రైతు తెచ్చిన బుడ్డల కుప్పకు వ్యాపారులు ధర కట్టకముందే, రైతులూ వ్యాపారులూ ఇద్దరూ ఒప్పుకొన్న ఒక మనిషి వచ్చి, కుప్పలో ఐదు చోట్ల మోచేతి దాకా చెయ్యి దూర్చి, ఐదు కాయలు తీసి, ఒలిచి, ఒక్కొక్క గింజను ముందరి పళ్ల నడుమ ఉంచి కొరికి, ‘పొడి’ అనో ‘పచ్చి’ అనో చెప్పేవాడు. పొడి అంటే ఆరిన సరుకు. ఆ పూటే అమ్ముడయ్యేది. పచ్చి అంటే లోపల తేమ మిగిలిన సరుకు. మళ్లీ ఆరబోసుకోవాలి, లేదా వ్యాపారి ఎంతంటే అంతకు వదులుకోవాలి. ఆ చెప్పే మనిషి బొజ్జన్న.

తేమను కొలిచే యంత్రం యార్డు కార్యాలయంలో లేకపోలేదు. అది అద్దాల బీరువాలో, దాన్ని తెచ్చిన నాటి అట్టపెట్టెతో సహా, భద్రంగా ఉండేది. రెండు మూడుసార్లు బయటికి తీశారు కూడా. అంకె చూపిన తరువాత రైతు, “అది సరే, బొజ్జన్న ఏమంటాడు?” అని అడిగేవాడు. వ్యాపారి కూడా అటే చూసేవాడు. అడగకుండా ఉండలేని ఆ ప్రశ్నకు విసిగి అధికారులే యంత్రాన్ని మళ్లీ బీరువాలో పెట్టించారు.

ఆరిన గింజ పంటికింద పటుక్కున రెండు బద్దలవుతుంది. తేమ గింజ అలా కాదు. ముందు కొంచెం లొంగుతుంది, ఆ తరువాతే తెగుతుంది. ఈ రెండింటికీ నడుమ ఇంకా ఏడెనిమిది మెట్లున్నాయని బొజ్జన్న అనేవాడు. రాత్రి మంచుకు పైపైన చెమ్మగిల్లిన గింజ వేరు, పొలంలోనే సరిగ్గా ఆరని గింజ వేరు, బరువు కోసం సంచి మీద నీళ్లు చిలకరించిన గింజ వేరు. ఇవన్నీ నాలుకకు తెలియవు, వేలికి తెలియవు. పంటి మొదట్లో, చిగురు లోపల ఎక్కడో తెలుస్తాయి. మనుషులకు ఇటువంటి తెలివిడులు కొన్ని ఉంటాయి. బడిలో నేర్పగలిగినవీ, తూకంలో పెట్టగలిగినవీ కావు. పిండి తడిపే చేతికి జొన్నలు పాతవో కొత్తవో తెలిసినట్లు, బావి తవ్వేవాడి మడమకు కింద బండ ఉన్నదీ లేనిదీ తెలిసినట్లు, అవి ఒక అవయవాన్ని ఆశ్రయించుకొని బతుకుతాయి. ఆ అవయవం ఉన్నన్నాళ్లే అవీ ఉంటాయి.

బొజ్జన్న తండ్రి అదే యార్డులో హమాలీ. బొజ్జన్నా మొదట మూటలు మోసినవాడే. ఇరవై ఆరేళ్ల వయసులో ఒకనాడు, కుప్ప దగ్గర రైతుకూ వ్యాపారికీ చొక్కాలు పట్టుకొనేదాకా వచ్చిన తగవులో, నెత్తిమీది మూట దించి, ఒక గింజ కొరికి, “పైన పొడి, అడుగున పచ్చి. కుప్ప తిరగేయండి” అన్నాడు. తిరగేశారు. అతడన్నట్లే ఉంది. ఆనాటినుంచి అతని మాటే తీర్పు. ఇటు రైతు దగ్గర గాని, అటు వ్యాపారి దగ్గర గాని రూపాయి ముట్టేవాడు కాదు. ప్రతి కుప్పనుంచీ దోసెడు బుడ్డలు అతనికి ముట్టేవి, అంతే. వాటిని అతని భార్య ఉరుకుందమ్మ ఆడించి నూనె అమ్మేది, వేయించి పొట్లాలు కట్టి అమ్మేది. ఇల్లు దానిమీదనే నడిచింది.

ఆ పళ్లను అతడు కాపాడుకొన్న తీరు చూసి యార్డులో వేళాకోళం చేసేవారు. ఆకు వక్క ముట్టడు, బీడీ తాగడు, పొద్దున వ్యాపారులు ధర కట్టే టెండరు ముగిసేదాకా టీ కూడా నోట పోయడు. కానుగ పుల్లతో తోముకోవడానికి అరగంట. కొత్త పెండ్లికూతురికంటే బొజ్జన్న నోరు తెరిచి నవ్వడానికే ఎక్కువ సిగ్గుపడతాడని హమాలీల మేస్త్రి ఓబులేష్ అనేవాడు. నిజానికి అది సిగ్గు కాదు. పనిముట్టును ఊరికే బయటపెట్టకూడదన్న జాగ్రత్త.

నాలుగేళ్ల క్రితం ఊళ్లో ఆరోగ్యకేంద్రం వాళ్లు శిబిరం పెట్టి, వేలు పొడిచి, చక్కెర వ్యాధి ఉందని చెప్పి మాత్రలు ఇచ్చారు. బొజ్జన్న ఒక ఏడాది పాటు వేళ తప్పకుండా మింగాడు. ఆ ఏడాది చివరలోనే కానుగ పుల్లకు నెత్తురు అంటుకోవడం మొదలైంది. ఆ సీమలో ఒంటికి వచ్చే సగం జబ్బులకు ఒకటే కారణం చెబుతారు: వేడి చేసింది. కళ్లు మండితే వేడి, ముక్కున నెత్తురు కారితే వేడి, నోరు పూస్తే వేడి. ఏప్రిల్‌లో బండ మీద కాలు పెట్టలేని దేశంలో పుట్టినవారికి ఆ మాట నమ్మడం కష్టం కాదు. బొజ్జన్న కూడా ఆలోచించాడు. ముందు మాత్రలు వచ్చాయి. తరువాత నెత్తురు వచ్చింది. కనుక మాత్రలు వేడి. వేడి చిగుళ్లకు తగిలింది. పళ్లు పోతే బతుకు పోతుంది. చక్కెర ఉంటే ఏం, ఈ కాలంలో ఎవరికి లేదు?

మాత్రలు మానేశాడు. టీలో చక్కెర మానేశాడు, పండగ పూటైనా బెల్లం ముట్టలేదు. ఒంటికి చలువ చేస్తుందని పొద్దునా సాయంత్రమూ అంబలి తాగాడు. చలువ చేసింది కనుక నెత్తురు తగ్గిందని అనుకొన్నాడు. తగ్గలేదు, పుల్ల మెత్తగా వాడడం అలవాటు చేసుకొన్నాడు, అంతే.

ఆ తరువాతి మార్పులు ఇంటి గోడ లోపల చెదలు పాకినట్లు వచ్చాయి. చిగుళ్లు పళ్లను వదిలి పైకి జరిగాయి. ముందరి పళ్లు మునుపటికంటే పొడుగ్గా కనిపించాయి. నొప్పి మాత్రం లేదు. ఉరుకుందమ్మ ఒకనాడు అన్నం వడ్డిస్తూ మొహం పక్కకు తిప్పుకొంది.

“ఏమే, అట్ల తిప్పుకుంటావు?” అన్నాడు.

“ఏం ల్యా. నువ్వు ఉప్పు నీళ్లతో పుక్కిలించు. నోరు వాసనొస్తాంది.”

“ముప్పై ఏండ్లు ల్యాని వాసన ఈ పొద్దొచ్చిందా?”

“ముప్పై ఏండ్లు నేను ఒగ తీరుగా వడ్డిస్తాండా. ఈ పొద్దే తిప్పుకొంటి. నాకేం సరదానా?”

ఆ తరువాత అతడు ఉప్పు నీళ్లతోనూ పటిక నీళ్లతోనూ పుక్కిలించాడు. లవంగం బుగ్గన పెట్టుకొన్నాడు. ఒక ఉదయం మొహం కడుక్కొంటూ, పైవరుస ముందరి పంటిని నాలుకతో నెట్టి చూశాడు. అది కదిలింది. నాలుక వెంటనే వెనక్కి వచ్చింది, తాకకూడనిది తాకినట్లు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన చోట్లు రెండే: ఇంట్లో భార్యకు చెబితే ఏడుస్తుంది, యార్డులో చెబితే మరునాటినుంచి ఏ కుప్ప దగ్గరికీ పిలవరు. అందుచేత గింజను ఆ పంటికి తగలకుండా కొంచెం ఎడమకు జరిపి కొరకడం నేర్చుకొన్నాడు. ఎడమవైపు కూడా అనుమానంగా ఉన్నప్పుడు, కాయను చెవి దగ్గర ఊపి, గలగలను బట్టి, గోటికి గింజ తగిలే తీరును బట్టి ఊహించి చెప్పాడు. ఊహలు చాలావరకు నిజమయ్యాయో, లేక ఎవరూ తప్పు పట్టలేదో, అతనికే తెలియదు.

దీపావళి వెళ్లిన మూడోనాడు గిడ్డమ్మ వచ్చింది. ఆరు మైళ్ల దూరంలోని పల్లె ఆమెది. మూడెకరాల ఎర్రనేల, భర్త పోయి పదేళ్లు, సేద్యం తానే చేస్తుంది. ఆ పంటంతా ఒక ట్రాక్టరులో తెచ్చింది. సరుకు అమ్మిన తరువాత రెండు మూటలు విత్తనానికి వెనక్కి తీసుకుపోవడం ఆమె అలవాటు. ఇంట్లో పెద్ద జల్లెడ లేదు. అందుచేత మొత్తం యార్డుకు తెచ్చి, అక్కడే జల్లించి, మేలైన కాయలు ఏరుకొనేది. అది తల్లి నుంచి ఆమెకు వచ్చిన విత్తనం. గింజ చిన్నది, పొట్టు ముదురు ఎరుపు, ఒక వాన తప్పినా తట్టుకొంటుంది.

ఓబులేష్ ఒక గుప్పెడు కాయలు తీసి ఊపాడు. “గిడ్డక్కా, వీటిని ఎండబెట్టినావా, వేంచినావా? కాలి గజ్జెల మాదిరి మోగుతాండాయే!”

“నాలుగు దినాలు మిద్దె మీద ఎండబెట్టినా అప్పా. కాళ్లతో తిరగేసి తిరగేసి మడమలు పగిలినాయి,” అంది గిడ్డమ్మ. బొజ్జన్నను చూసి, “కొరుకన్నా. నువ్వు కొరికితే నాకు భయం ల్యా,” అని పక్కకు జరిగింది.

అతడు మొదటి గింజ కొరికాడు. గింజ లొంగినట్లనిపించింది. లొంగింది గింజో, పన్నో తెలియలేదు. రెండో గింజను ఎడమకు జరిపాడు. అక్కడా అంతే, పన్ను చిగురులోపల కదిలింది, ఆ కదలికలో గింజ పలికే చప్పుడు కలిసిపోయింది. మూడోది పెదవుల నడుమ ఉంచి కొరికినట్లు చేశాడు. నాలుగోదీ, ఐదోదీ అంతే. చుట్టూ పది మంది నిలబడి ఉన్నారు. వారిలో వ్యాపారి వీరభద్రప్ప ఒకడు. ముప్పై ఏళ్లుగా బొజ్జన్న మాట విని, లాభమైనా నష్టమైనా నోరెత్తనివాడు. ‘నాకు తెలియలేదు’ అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట బొజ్జన్న ఎన్నడూ అనలేదు. నాలుక కొసదాకా వచ్చి, కదులుతున్న పంటి వెనుకనే ఆగిపోయింది.

“పచ్చి,” అన్నాడు.

గిడ్డమ్మ నవ్వబోయి ఆగింది. “ఏమంటివి?”

“పచ్చి ఉండాదమ్మా. ఇంగా రెండు పొద్దులు ఎండాల.”

“ఇంగోతూరి కొరుకన్నా. నీకు దండం పెడ్తా.”

“ఒగ కుప్పకు ఒగతూరే గదమ్మా,” అన్నాడు వీరభద్రప్ప, కసురుకోకుండానే. “ఆయప్ప నోటినుంచి వచ్చిందంటే వచ్చినట్లే. నీకు తెల్దా?”

ఆచారం నిజమే. రెండోసారి కొరికించడం తగవుకు దిగడంతో సమానం. గిడ్డమ్మ కుప్పనొకసారి, అతన్నొకసారి చూసింది. ఆమె అప్పుడు కోపగించుకొని ఉంటే బొజ్జన్నకు బాగుండేది. ఆమె కోపగించుకోలేదు. అతని మాటకు తానే కారణం వెతికిపెట్టింది.

“సరే అన్నా. తెల్లారుజామున మంచు పడింటాది. నేనే చూసుకోలేదేమో. నువ్వంటే అంతేలే.”

యార్డులోని బయటి చప్టా మీద, పైకప్పు లేని చోట, ఆమె బుడ్డలను మళ్లీ పరిచింది. మొదటి రోజు ఎండ బాగా కాసింది. రెండోరోజు మధ్యాహ్నం, అన్నాల వేళ, తూర్పున మబ్బు లేచింది. ఆ సీమలో వాన కోసం జనం నెలల తరబడి ఆకాశం వంక చూస్తారు. అది మాత్రం ఎవరూ చూడని పూటే వస్తుంది. బొజ్జన్న చినుకుల చప్పుడు విని, చేతిలోని ముద్ద వదిలేసి పరుగెత్తాడు. అతడు చేరేసరికి గిడ్డమ్మ, ఓబులేష్, నలుగురు హమాలీలు టార్పాలిన్ పట్టాలు కప్పుతున్నారు. గాలి ఒక కొస ఎత్తితే వాళ్లు ఇంకో కొస పట్టుకొంటున్నారు. చప్టా మీద నీళ్లు పట్టా కిందినుంచి పారాయి. బొజ్జన్న మోకాళ్ల మీద కూర్చొని, చేతులడ్డం పెట్టి, పారే నీటిని ఆపబోయాడు. రెండు చేతులతో ఎంత ఆగుతుంది? ఎర్రటి నీళ్లు అతని వేళ్ల సందుల్లోంచి బుడ్డలలోకి పోయాయి.

ఆ తరువాత మూడు రోజులు ముసురు. నాలుగోనాడు ఎండ వచ్చేసరికి కాయల మీద నల్లటి బూజు పట్టింది. కొన్ని మొలకెత్తాయి కూడా. గిడ్డమ్మ మళ్లీ కుప్ప చేసి అతని కోసం కబురు పంపింది. ఎంత ఆరిందో తెలిస్తే ఏదో ఒక ధరకు ఇచ్చి పోవచ్చునని ఆమె ఆశ.

బొజ్జన్న గింజ ఒలిచాడు. ఈసారి కొరకకముందే తెలుస్తూనే ఉంది. అయినా పద్ధతి ప్రకారం పళ్ల నడుమ పెట్టాడు. తడికి మెత్తబడ్డ గింజ. పసిపిల్లవాడు కూడా కొరకగలిగినంత మెత్తన. అతడు పళ్లు దగ్గరికి తెచ్చాడు, గింజను బయటికి లాగాడు. దానితోపాటు పన్ను వచ్చింది.

“అప్పా! నెత్తురు!” అని ఓబులేష్ కేకపెట్టాడు.

గింజలో దిగబడ్డ పన్ను అరచేతిలో పడి ఉంది. ఇంత పొడుగు వేరు, దానికి చీము. బొజ్జన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొన్నాడు. గిడ్డమ్మ వంగి, ఆ అరచేతిలోకి చూసింది. బూజు పట్టిన తన గింజను చూసింది; దాన్ని పట్టుకొన్న పన్నును చూసింది. సేద్యగత్తె ఆమె. వేరు పట్టు వదిలిన మొక్క ఒక్కరోజులో వదలదని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

“ఈ పన్ను ఈ పొద్దు కదిలింది కాదన్నా,” అంది నెమ్మదిగా. “ఆ పొద్దు నా బుడ్డలు కొరికినప్పుడు గూడా కదుల్తాన్నదా?”

అందరూ వింటున్నారు. తువ్వాలు తీయకుండానే, “ల్యా. ఈ పొద్దే,” అన్నాడు బొజ్జన్న.

“సరేలే అన్నా,” అని ఆమె లేచింది. ఆ సాయంత్రమే సరుకంతా నూనె మిల్లువాళ్లకు, వాళ్లు అన్నదానికి, ఇచ్చి వెళ్లిపోయింది. విత్తనానికి ఏరుకోవడానికి అందులో మంచి కాయ లేదు.

ఉరుకుందమ్మ అతన్ని కర్నూలు తీసుకుపోయింది. పళ్ల డాక్టరు తనూజ ముప్పై ఏళ్ల పిల్ల. ఆమెది బనగానపల్లె వైపు పల్లె అట, మాటలో తెలుస్తోంది. నోట్లో చిన్న కడ్డీ పెట్టి ఒక్కొక్క పన్ను చుట్టూ కొలుస్తూ పోయింది. కొలిచిన కొద్దీ ఆమె మాట తగ్గింది. పక్క గదిలో నెత్తురు తీయించి, చీటీ తెప్పించి చూసింది.

“పెద్దాయనా, పరగడుపున మూడొందలకు దగ్గరుండాది. షుగర్ మాత్రలు ఏసుకుంటాండారా?”

“మూడేండ్ల కిందట మానేసినానమ్మా. వేడి చేసి నెత్తురొస్తాన్నది పండ్లల్లో.”

తనూజ చీటీ పక్కన పెట్టింది. తరువాత కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చొంది.

“మాత్రలకు నెత్తురు రాల్యా. మీకు మాత్రలు చాలక, షుగర్ తగ్గక వచ్చిందా నెత్తురు. నెత్తురులో షుగర్ ఎక్కువుంటే చిగురుకు పుండు మాన్పుకొనే శక్తి పోతాది. చీము పడ్తాది. ఆ చీము పన్ను చుట్టూ ఉండే ఎముకను తింటాది. అంతేగాదు, నోట్లో చీమున్నంతసేపూ ఒంట్లో షుగర్ దిగదు. ఇది దాన్ని పెంచుతాది, అది దీన్ని పెంచుతాది. వాన పడినంక బుడ్డ చెట్టును పీకినారా ఎప్పుడన్నా?”

“పీకినా.”

“ఎండిన నేలలో పీకితే చెట్టు తెగుతాది గానీ రాదు. నాని వదులైన నేలలో పిల్లోడు పట్టుకున్నా ఊడొస్తాది. మీ పండ్లకు ఏం రోగం ల్యా. కింద నేల పోయింది.”

“నొప్పి ల్యాకపాయె గదమ్మా?”

“నొప్పి ఉండింటే మీరు అప్పుడే వచ్చిందురు.”

“ఇది ఎన్నాళ్ల సంది కదుల్తాండింటాది?”

“ఏడాది పైనే. ఇంగా ముందు రావాల్సింది. అప్పుడొచ్చి షుగర్ దించుకొని, చిగుళ్లు బాగు చేయించుకొనింటే, ఇవి శానామటుకు నిలిచేవి.”

ముందరివి పైన నాలుగు, కింద మూడు తీసేయాలన్నారు. మిగిలినవి చక్కెర దిగితే నిలుస్తాయన్నారు. చక్కెరకు సూదిమందు రాసి ఇచ్చారు. తిరుగుబస్సులో ఉరుకుందమ్మ కిటికీ వైపు మొహం పెట్టుకొని, “ఏడాదంట,” అంది. అతడు ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. ఏడాది అంటే ఒక్క గిడ్డమ్మ కాదు. పోయిన పంటకాలం మొత్తం. ఎన్ని కుప్పలలో చెయ్యి దూర్చాడు? ఎన్నిటిని పచ్చి అన్నాడు? వాటిలో ఎన్ని నిజంగా పచ్చి? ఎవరెవరు తలలు వంచుకొని, తమ మిద్దెను, తమ ఎండను, తమ పెండ్లాన్ని అనుమానించుకొంటూ ఇంటికి పోయారు? గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. మొహాలు గుర్తొచ్చాయి, గింజలు గుర్తు రాలేదు. సగం దారి దాటేదాకా అలాగే కూర్చొన్నాడు.

పళ్లు తీయించుకొన్న పన్నెండో రోజున, ఇంట్లో చేరిన దోసెళ్ల బుడ్డలను ఒక గోనెలో కట్టుకొని, ఆటో మాట్లాడుకొని గిడ్డమ్మ పల్లెకు పోయాడు. ఆమె చేనిలో ఎండిన కట్టె ఏరుతోంది. అతన్ని చూసి కొంగుతో మొహం తుడుచుకొని వచ్చింది. ముందరి పళ్లు లేని ఆ నోటిని చూసి ఒక క్షణం ఆమె మొహం మారింది.

“ఏందన్నా ఇది! అన్నీ పీకేసిరా?”

“అన్నీ కాదులేమ్మా. పనికొచ్చేటివి.” మాట చెదురుతోంది, పెదవులు లోపలికి పోతున్నాయి. గట్టు మీద కూర్చోకుండానే చెప్పాడు. “ఆ పొద్దు నీ బుడ్డలు పొడి. నాకు పన్ను కదిలి తెలియలేదు. తెలియలేదని చెప్పలేక పచ్చి అంటిని. మల్ల నువ్వడిగినప్పుడు గూడా అబద్ధమాడితి.”

గిడ్డమ్మ ఏరిన కట్టెను కింద పెట్టింది. “నాకు తెలుసన్నా,” అంది. “నువ్వు ల్యా అన్న పొద్దే తెలుసు.”

అతడు గోనె మూతి విప్పాడు. “విత్తనానికి పెట్టుకోమ్మా. నాకు ఉండేటివి ఇవే.”

ఆమె చేత్తో కొన్ని కాయలు తీసి చూసింది. పెద్దవి, చిన్నవి, మూడు గింజలవి, రెండు గింజలవి; ముప్పై ఊళ్ల కుప్పలనుంచి వచ్చినవి. జాగ్రత్తగా మళ్లీ గోనెలో పోసింది.

“కలగలపు విత్తనానికి పనికిరాదు గదన్నా. ఒగటి మూన్నెల్లకు వస్తాది, ఒగటి నాలుగు నెల్లకు వస్తాది. ఏది ఎప్పుడు పీకేది? నీకు తెల్దా?”

అతనికి తెలుసు. తెలిసే తెచ్చాడు, తేవడానికి ఇంకేమీ లేక.

“మా యమ్మ విత్తనం పాయె,” అంది ఆమె చేను వంక చూస్తూ. “తొలకరికి యవసాయం ఆఫీసోళ్లు ఇచ్చేది ఏస్తా. పోనీలే. అయినా నాకు చెప్తే ఏమొస్తాదన్నా? యార్డులో అందరూ ఏమనుకుంటాండారో తెలుసునా? గిడ్డమ్మకు బుడ్డలు ఎండబెట్టుకోవడం గూడా చేతగాదు, మొగోడు ల్యాని సేద్యం ఇంతే అంటాండారంట. పదేండ్లు చేసిన సేద్యం. ఆ యార్డులో చెప్పు. ఆ మాట నాకు ఆడ కావాల.”

ఆ సోమవారం టెండరు వేళకు బొజ్జన్న యార్డుకు పోయాడు. వీరభద్రప్ప ఎదురొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

“రాప్పా రా. ఆ పండ్లు కట్టించుకో, ఖర్చు నేను చూసుకుంటా. మల్ల కొరుకుదువు. నువ్వు ల్యాక ఈడ శానా అల్లరిగా ఉండాది.”

“కట్టుడు పండ్లకు సడి తెలుస్తాది గానీ, గింజ లొంగింది తెలియదప్పా,” అన్నాడు బొజ్జన్న. చేతిని భుజం మీదినుంచి తీసి, కుప్పల నడుమకు పోయి నిలబడ్డాడు. ముప్పై ఏళ్లలో అతడు అక్కడ రెండు మాటలకు మించి మాట్లాడింది లేదు. ఇప్పుడు మాట్లాడబోతే సగం అక్షరాలు నోట్లోనే జారిపోతున్నాయి. ఒక్కొక్క మాటనూ ఆపి ఆపి, అవసరమైన చోట రెండుసార్లు చెప్పాడు. గిడ్డమ్మ బుడ్డలు పొడి అన్నాడు. ఆమెది తప్పు లేదన్నాడు. తన పన్ను ఏడాదిగా కదులుతున్నదనీ, దాచి పెట్టాననీ చెప్పాడు.

ఓబులేష్ తలపాగ తీసి చేతిలో పట్టుకొన్నాడు. ముందు వరుసలో, తన కుప్ప పక్కన గొంతుకూర్చొని ఉన్న అయ్యన్న అనే ముసలి రైతు నెమ్మదిగా లేచాడు.

“మొన్నటి ఫిబ్రవరిలో నాది గూడా పచ్చి అంటివి బొజ్జన్నా. నా కొడుకును కొడితిని ఆ పొద్దు, సరిగా తిరగేయలేదని. అది?”

“తెలియదన్నా.”

“పొడా, పచ్చా?”

“తెలియదన్నా. తెలిసింటే నీ ఇంటికొచ్చి చెప్పిందును.”

వీరభద్రప్ప కార్యాలయం వైపు సైగ చేశాడు. గుమాస్తా బీరువా తెరిచి యంత్రం తెచ్చాడు. అయ్యన్న కుప్పనుంచే గుప్పెడు గింజలు అందులో పోశాడు. యంత్రం కీచుమని ఒకసారి మోగి, గాజు కిటికీలో ఒక అంకె చూపింది. గుమాస్తా దాన్ని గట్టిగా చదివాడు.

అయ్యన్నకు ఆ అంకె మంచిదో చెడ్డదో అర్థం కాలేదు. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ మొహం తిప్పి, అంతేనా అన్నట్లు బొజ్జన్న వంక చూశాడు. బొజ్జన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడి ఉన్నాడు. ముసలాయన ఆ చూపును అతని మీదినుంచి మెల్లగా తీసేసుకొని, తన బుడ్డల వైపు తిరిగి కూర్చొన్నాడు.